నూట ఇరవైకి నూట నాలుగు

మా అక్క కూతురికి నూట ఇరవైకి నూట నాలుగు మార్కులు వచ్చాయి. ఆ మార్కులు తెప్పించింది నేనే. ఆ మార్కుల వల్లే నెలాఖరు తర్వాత పిల్లని బడికి పంపొద్దని హెడ్‌మిస్ట్రెస్ చెప్పారు. ఈ మూడు మాటలనూ ఎన్నిసార్లు వరసగా చెప్పుకున్నా, మొదటిదానికీ చివరిదానికీ ముడి ఎక్కడ పడిందో నాకు చాలా రోజులు అంతుపట్టలేదు.

పిల్లకి ఏడేళ్ళు. ఇంట్లో అందరం గుండీ అంటాం. అక్క ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు సరిచేసి ఇస్తుంది. నడుము తగ్గించడం, జిప్పు మార్చడం, అంచు మడవడం లాంటి పనులు. ఆ మిషన్ పక్కన నేల మీద గుండీల డబ్బా బోర్లించుకుని పిల్ల పూటంతా కూర్చుంటుంది. రంగుని బట్టి కాదు, కన్నాలని బట్టి పేరుస్తుంది. రెండు కన్నాలవి ఒక వరస, నాలుగు కన్నాలవి ఒక వరస. కన్నాలు లేకుండా వెనక కొక్కెం ఉన్నవాటిని అసలు లెక్కలోకే తీసుకోదు, దూరంగా నెట్టేస్తుంది. ఆ పేరు అలా వచ్చింది.

గుండీకి ఆటిజం ఉందని డాక్టరు చెప్పినప్పుడు దానికి నాలుగేళ్ళు. ఆ రోజు అక్క ఏడ్చింది. అమ్మ, "మాటలు కాస్త ఆలస్యమైతే దానికింత పెద్ద పేరెందుకు?" అని డాక్టరుతోనే పోట్లాడింది. మా బావ లిఫ్టు మెకానిక్. ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "రిపేరా సార్, లేక మోడలే అంతా?" డాక్టరు నవ్వి, "మోడలే అంత," అన్నాడు. బావ తలూపి, బయటికి వచ్చి, పిల్లని లిఫ్టులో రెండుసార్లు పైకీ కిందకీ తిప్పాడు. ఆయన దిగులు అక్కడితో అయిపోయింది. మా దిగులు అవలేదు.

లిఫ్టు దగ్గరే పిల్ల ఒక మాట పట్టుకుంది. లిఫ్టులో రికార్డు చేసిన గొంతు చెబుతుందే, "తలుపులు మూసుకుంటున్నాయి" అని, అది. ఎవరైనా ఎక్కువ ప్రశ్నలు వేసినా, చుట్టూ రొద ఎక్కువైనా, అచ్చం ఆ గొంతుతోనే "తలుపులు మూసుకుంటున్నాయి" అంటుంది. ఇక కాసేపు దానితో ఎవరూ మాట్లాడకూడదు. మాకు అలవాటైపోయింది. కొత్తవాళ్ళు మాత్రం ఉలిక్కిపడి తలుపుల వైపు చూస్తారు.

మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే. కాబట్టి ఇంటికి ఏ కాగితం వచ్చినా నా చేతికి రావాల్సిందే. కరెంటు ఆఫీసుదైనా, ఆసుపత్రిదైనా, ఒక్కోసారి పక్కింటివాళ్ళదైనా. "నువ్వు చూడవే, నీకు తెలుస్తుంది," అంటుంది అమ్మ. నాకు తెలియకపోయినా తెలిసినట్టే తీసుకుంటాను. మందుల కంపెనీలో లేబుళ్ళు సరిచూడటం నా ఉద్యోగం. బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ చూసుకుంటూ పోవాలి. ఒక్క అంకె తేడా వస్తే పెట్టె మొత్తం వెనక్కి పంపిస్తాను. ఆరేళ్ళలో నా చేతి మీదుగా తప్పు లేబుల్ ఒక్కటి కూడా బయటికి పోలేదు. తప్పు పట్టుకోవడం నాకు వచ్చు అనుకునేదాన్ని.

బడిలో గుండీలాంటి పిల్లల పక్కన కూర్చోవడానికి ఒక తోడు టీచర్‌ని ఇస్తారని, దానికి ముందు మదింపు కేంద్రానికి వెళ్ళాలని చెప్పారు. కేంద్రం నుంచి ఒక ఫారం వచ్చింది. అందులో అరవై ప్రశ్నలున్నాయి. ప్రతి ప్రశ్నకీ మూడు గళ్ళు: ఎప్పుడూ, అప్పుడప్పుడు, ఎన్నడూ లేదు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందా? తనంతట తాను చెప్పులు వేసుకుంటుందా? ఏడుపు వస్తే తనంతట తాను సర్దుకుంటుందా?

నేను ముందు పెన్సిల్‌తో నింపి, మూడుసార్లు సరిచూసుకుని, అప్పుడు పెన్నుతో దిద్దాను. ఏదైనా అనుమానం వస్తే అక్కని కేకేసేదాన్ని.

"అక్కా, చెప్పులు తనే వేసుకుంటుందిగా?"

"వేసుకుంటుంది. కుడీ ఎడమా నేను పెడితే."

"అంటే వేసుకుంటుంది."

"ఆఁ, వేసుకుంటుంది."

ఎప్పుడూ అన్న గడిలో టిక్కు పెట్టాను.

"ఏడుపు వస్తే తనే సర్దుకుంటుందా?"

అక్క మిషన్ మీంచి తల ఎత్తకుండానే, "సర్దుకోక ఏం చేస్తుంది?" అంది. మళ్ళీ ఎప్పుడూ.

ఇదంతా మోసం అని నాకు తట్టనే లేదు. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన విద్య ఒక్కటే. చేతికి ప్రశ్నపత్రం వస్తే మంచి మార్కులు తెచ్చుకోవాలి. తక్కువ వస్తే చదువు మాన్పిస్తారు. మా నాన్న నన్ను అలాగే చదివించాడు. మార్కులు తగ్గడం మంచిదయ్యే పరీక్ష ఒకటి ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ప్యాకింగ్ సెక్షన్‌లో పొడుగక్క అని ఒకామె ఉంది. మనిషి నిజంగానే పొడుగు. ఆవిడ కూతురికి కూడా ఆటిజమే. ఏడాది కిందట అదే కేంద్రానికి తీసుకెళ్ళింది. లోపల పిల్లని ఏం అడుగుతారని అడిగితే, గుర్తున్నంత వరకు చెప్పింది. ఇరవై ప్రశ్నలు. వాటిని వరసగా రాసుకున్నాను.

"మీ అమ్మాయి బాగా చెప్పిందా?" అని అడిగాను.

"ఎక్కడ! మూడు కూడా చెప్పలేదు. నా జడ రిబ్బన్ నములుతూ కూర్చుంది."

పాపం అనుకున్నాను. మా పిల్ల అలా కాకూడదు అనుకున్నాను.

రెండు వారాలు సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకునేదాన్ని. మొదటిది పేరు, బడిలో రాసిన పూర్తి పేరు. రెండోది వయసు. ఐదోది ఇష్టమైన ఆట. దాగుడుమూతలు అని నేర్పాను. అది జన్మలో దాగుడుమూతలు ఆడలేదు. ఏడోది స్నేహితులెవరు. పక్కింటి కవలలు అని నేర్పాను. ఆ కవలలు మా గుమ్మం తొక్కి ఎరగరు. పద్నాలుగోది ఎవరైనా ఏడుస్తుంటే ఏం చేస్తావు. మంచినీళ్ళు ఇస్తాను. ఇరవయ్యోది ఇంకేమైనా చెప్పాలా. ఏం లేదండీ, థాంక్యూ, వెళ్ళొస్తాను.

"ఇంకోటి గుర్తుంచుకో. అక్కడ తలుపులు మూసుకోకూడదు," అన్నాను.

గుండీ నా భుజం మీదుగా గోడ వైపు చూసింది. "తలుపులు మూసుకోకూడదు," అంది లిఫ్టు గొంతుతో.

పరీక్ష రోజు కేంద్రంలో ఉన్న మేడమ్ జుట్టు ముడిలో రెండు పెన్సిళ్ళు గుచ్చుకుని ఉంది. మేం ఆవిడకి పెన్సిల్ మేడమ్ అని పేరు పెట్టేసుకున్నాం. ఆవిడ సరిగ్గా పొడుగక్క చెప్పిన వరసలోనే అడిగింది. గుండీ ఇరవైకి ఇరవై చెప్పింది. గొంతులో ఎత్తూ పల్లం లేదు గానీ ఒక్క అక్షరం తప్పలేదు. ఫారంవీ అవీ కలిపి నూట నాలుగు. అమ్మ వీధిలో నలుగురికీ బిస్కెట్లు పంచింది. "మా పిల్లకి ఫస్ట్ క్లాసు," అంది. ఏం పరీక్ష అని వాళ్ళు అడగలేదు, ఈవిడ చెప్పలేదు.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. 'బాలికకు ప్రత్యేక సహాయం అవసరం లేదు. సాధారణ తరగతికి తగినది.' చాలా మంచి ఉత్తరం అనుకుని ఫైల్లో పెట్టాను.

ఆ సాధారణ తరగతిలో నలభై ఒక్క మంది పిల్లలు. గంట ఇనుప రేకుది, సరిగ్గా గుండీ గది కిటికీ బయటే వేలాడదీశారు. మొదటి రోజు గంట కొట్టగానే అది బెంచీ కిందకి దూరింది. రెండో రోజు మణికట్టు కొరుక్కుంది. నాలుగో రోజు గేటు దాటి రోడ్డు మీదకి పరిగెత్తింది. వాచ్‌మన్ పట్టుకోబోతే అతని చెయ్యి కరిచింది. మూడో వారం హెడ్‌మిస్ట్రెస్ మమ్మల్ని పిలిపించారు.

నేను ఫైలు తీసుకుని వెళ్ళాను. నా దగ్గర రుజువు ఉంది కదా.

"చూడండి మేడమ్, నూట ఇరవైకి నూట నాలుగు. కేంద్రం వాళ్ళే ఇచ్చారు. సాధారణ తరగతికి తగినది అని రాశారు."

ఆవిడ కాగితం చూడలేదు, నన్ను చూశారు. "అమ్మా, ఆ కాగితం ఉంది కాబట్టే నాకు తోడు టీచర్‌ని ఇవ్వడం లేదు. నా టీచరు నలభై మందిని చూస్తుందా, ఈ పిల్ల వెనక గేటు దాకా పరిగెడుతుందా? రేపు రోడ్డు మీద ఏమైనా అయితే?"

"కానీ మార్కులు..."

"మార్కులు తగ్గించుకుని రండి," అన్నారావిడ. "నెలాఖరు దాకా టైమిస్తాను. తోడు టీచరు రాకపోతే పిల్లని పంపొద్దు. నాకు మాత్రం ఇష్టమా చెప్పండి?"

మార్కులు తగ్గించుకుని రండి. ఆ మాట నాకు తెలిసిన భాషలోనే ఉంది, కానీ నా బుర్రలోకి ఎక్కలేదు. మర్నాడు ఆఫీసులో తిన్నగా ప్యాకింగ్ సెక్షన్‌కి వెళ్ళాను.

"పొడుగక్కా, మీ అమ్మాయి ఇప్పుడు ఎక్కడ చదువుతోంది?"

"ఎక్కడేంటి, బడిలోనే. తోడు టీచర్ వస్తోందిగా. బంగారం లాంటి మనిషి."

"మూడు కూడా చెప్పలేదన్నావు?"

"అందుకే కదే ఇచ్చారు!" పొడుగక్క చేతిలోని అట్టపెట్టె కింద పెట్టింది. నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో. "నువ్వు... పిల్లకి నేర్పించావా? అయ్యో, నువ్వు భయపడకుండా ఉంటావని కదే ఆ ప్రశ్నలు చెప్పాను!"

కేంద్రానికి రాస్తే పునఃపరీక్షకి తేదీ ఇచ్చారు. మళ్ళీ అదే ఫారం. ఆ సాయంత్రం దాన్ని కుట్టుమిషన్ మీద పెట్టుకుని నలుగురం చుట్టూ చేరాం. గుండీ కింద తన వరసల్లో తను ఉంది.

"ఈసారి అన్నీ ఎన్నడూ లేదు అని పెట్టేద్దాం," అన్నాను.

అమ్మ నోరు తెరిచింది. "పరీక్ష తప్పడానికి కూడా ఫారం నింపాలా? నీ చదువు ఇందుకా?"

అక్క గట్టిగా కాదుగానీ పళ్ళ బిగువున అంది. "నేను పెట్టను. పేరు పిలిస్తే ఎన్నడూ పలకదు, అన్నం తనంతట ఎన్నడూ తినదు, ఎన్నడూ ఎన్నడూ ఎన్నడూ... నా పిల్ల ఎందుకూ కొరగాదని నా చేత్తో నేను రాయాలా? అది ఇక్కడే ఉంది. వింటోంది."

"వింటోందంటావా?" అంది అమ్మ.

"అన్నీ వింటుంది. మీకే తెలీదు."

బావ అందుకున్నాడు. "బిల్డింగు వాచ్‌మన్‌లు లిఫ్టు పుస్తకంలో రోజూ బాగుంది, బాగుంది అని రాసేస్తారు. చదివి నేను వెళ్ళను. ఒక రోజు మధ్యలో ఆగిపోతుంది. మనుషులు లోపల ఇరుక్కుంటారు."

"అది లిఫ్టు కాదు," అంది అక్క.

"కాదు. నేనన్నది పుస్తకం గురించి."

"మీకు అన్నీ లిఫ్టులే! నన్ను కూడా ఎప్పుడో సర్వీసింగుకి ఇస్తారు."

అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. అక్క కూడా నవ్వి, వెంటనే పమిట కళ్ళకి అద్దుకుంది. ఫారం ఖాళీగానే ఉండిపోయింది.

ఆదివారం నేను గుండీ పక్కనే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. లేబుళ్ళు చూసినట్టు చూద్దాం, ఉన్నది ఉన్నట్టు రాద్దాం అనుకున్నాను. మొదటి ప్రశ్న: పేరు పిలిస్తే పలుకుతుందా? పిలిచాను. పలకలేదు. ఎన్నడూ లేదు అని పెట్టబోతుంటే వంటింట్లో కుళాయి ఆగింది. మళ్ళీ పిలిస్తే "ఊఁ" అంది. అంటే కుళాయి ఆగితే పలుకుతుంది. అది ఏ గడి? అప్పుడప్పుడు అందామంటే, అప్పుడప్పుడు కాదు. కుళాయి ఆగిన ప్రతిసారీ పలికింది. అయిదుసార్లు తిప్పి, కట్టి చూశాను. అక్క వచ్చి, "నీళ్ళెందుకే పారబోస్తున్నావు?" అని తిట్టింది.

చెప్పులు వేసుకుంటుంది, కుడీ ఎడమా పెడితే. పెట్టకపోతే ఎడమది ఒక్కటే వేసుకుని నిలబడుతుంది. కళ్ళలోకి చూడదు, అద్దంలో మాత్రం చూస్తుంది. నేను జడ వేసుకుంటుంటే అద్దంలో నా కళ్ళలోకి చూసి నవ్వింది. అదీ చూడటమేనా? ముందు నూట నాలుగు అబద్ధం అనుకున్నాను. సాయంత్రానికి అది అబద్ధమని కూడా గట్టిగా చెప్పలేకపోయాను. ఏ గడిలో టిక్కు పెట్టినా సగం నిజమే అవుతోంది. నా ఉద్యోగంలో సగం నిజం లేబుల్ ఉండదు. ఉంటే పెట్టె వెనక్కి పోతుంది.

ఆఖరికి గళ్ళు వదిలేసి అంచుల్లో రాయడం మొదలుపెట్టాను. 'కుళాయి తిప్పి ఉంటే పిలవకండి.' 'చెప్పులు కుడి ఎడమ పెట్టి, పక్కకి తప్పుకోండి.' 'తలుపులు మూసుకుంటున్నాయి అంటే మాట్లాడొద్దని అర్థం. వెయిట్ చేయండి. తెరుచుకుంటాయి.' అంచులు చాలక వెనక పేజీల్లో కూడా రాశాను. గళ్ళన్నీ ఖాళీ. అలాంటి ఫారం మా ఆఫీసులో ఎవరైనా తెస్తే నేనే తీసుకోను.

పునఃపరీక్ష రోజు అక్క, నేను, గుండీ వెళ్ళాం. అక్క కుట్టుపని మధ్యలోంచి లేచి వచ్చిందేమో, కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంది. పెన్సిల్ మేడమ్ ఫారం తిప్పి చూసింది. "గళ్ళు నింపలేదే? అంచుల్లో రాసింది మార్కులకి రాదండీ."

"తెలుసు మేడమ్."

"సరే, అమ్మాయిని అడుగుతాను." ఆవిడ మొదటి ప్రశ్న అడగడానికి గుండీ వైపు తిరిగింది. గుండీ వీపు నిటారుగా చేసుకుని జవాబుకి సిద్ధంగా కూర్చుంది. నేను నేర్పినట్టే. ఇప్పుడు ఇరవై చెప్పేస్తుంది. మళ్ళీ నూట నాలుగు. నెలాఖరుకి ఇంకా ఆరు రోజులున్నాయి.

చెబితే మమ్మల్ని దొంగల కింద రాస్తారేమో, ఇక ఎప్పటికీ ఏమీ ఇవ్వరేమో. చెప్పకపోతే బడి పోతుంది.

"మేడమ్, ఆ జవాబులు నేను నేర్పినవి," అన్నాను. "ఇరవయ్యీ. వరస మార్చి అడగండి."

అక్క చటుక్కున నా వైపు తిరిగింది. మేడమ్ జుట్టులోంచి ఒక పెన్సిల్ తీసింది. "ఎన్నోది అడగమంటారు?"

"ఏడు."

"నీ స్నేహితులెవరమ్మా?"

గుండీ తన పూర్తి పేరు చెప్పింది.

"కోపం వస్తే ఏం చేస్తావు?"

"ఏడేళ్ళు," అంది గుండీ. అన్నాక ఆగింది. ఏదో చోటు తప్పిందని దానికి తెలిసిపోయింది. వేళ్ళు బల్ల అంచు మీద కదిలాయి, కన్నాలు లేని గుండీని నెట్టేసినట్టు.

"వాన వస్తే ఏం వేసుకుంటావు?"

"తలుపులు మూసుకుంటున్నాయి," అంది. లిఫ్టు గొంతుతో కాదు, కీచుగా. కుర్చీ పడిపోయింది. అది బల్ల కిందకి పోయి మణికట్టు నోట్లో పెట్టుకుంది.

నేను పట్టుకోవాల్సిన తప్పు పట్టుకున్నాను. రుజువు బల్ల కింద ఏడుస్తోంది.

"చాలా?" అంది అక్క. మేడమ్‌తో కాదు, నాతో. "చూపించేశావా? అయిందా?" మరుక్షణం చెప్పులు వదిలేసి తనూ బల్ల కిందకి దూరింది. పిల్లని ముట్టుకోలేదు, మాట్లాడలేదు. ఒక మూరెడు దూరంలో కూర్చుని, మెడలోని టేపు తీసి ఒక కొస పిల్ల వైపు నేల మీద వదిలింది. చాలాసేపటికి ఆ కొస కదిలింది. గుండీ టేపుని గుండ్రంగా చుట్టడం మొదలుపెట్టింది. అయిపోయాక అక్క విప్పేసి మళ్ళీ వదిలింది. మళ్ళీ చుట్టింది.

మేడమ్ గడియారం చూసి ఏదో రాసుకుంది. పదకొండు నిమిషాలు అని తర్వాత తెలిసింది. ఆవిడ నేల మీద మోకాళ్ళ మీద వంగి, మెల్లగా అడిగింది.

"ఇప్పుడు మీరేం చేశారమ్మా?"

"ఏం చెయ్యలేదండీ. పక్కన కూర్చున్నా."

"ఎంతసేపు కూర్చుంటారు?"

"అది లేచేదాకా."

"ఇంట్లో రోజుకి ఎన్నిసార్లు ఇలా?"

అక్క లెక్కపెట్టుకుంది. "రెండు. బడికి వెళ్ళిన రోజు నాలుగో అయిదో."

మేడమ్ పాత ఫారం తీసి ఒక గడి మీద పెన్సిల్ పెట్టింది. "ఏడుపు వస్తే తనంతట తాను సర్దుకుంటుంది, ఎప్పుడూ అని రాశారు. మీరు పక్కన కూర్చుంటారని ఎందుకు రాయలేదు?"

బల్ల కింద నుంచి అక్క విస్తుపోయి చూసింది. "అదేమన్నా రాసే విషయమా అండీ?"

నూట నాలుగులో ఎన్ని మార్కులు గుండీవో, ఎన్ని మా అక్కవో నేను ఒక్కసారైనా చూసుకోలేదు. లేబుల్ మీద ఒక పేరే ఉంది, సీసాలో ఇద్దరున్నారు.

"రోజుకి మూడు పీరియడ్లకి తోడు టీచర్‌ని ఇమ్మని రాస్తాను," అంది మేడమ్ లేస్తూ. "అన్నిటికీ రాదు. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం."

"నేర్పించినందుకు..." అన్నాను.

"అది కూడా రాస్తాను. వరస మారితే ఇబ్బంది పడింది అని రాస్తాను. ఇరవై జవాబులు పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుంది అని కూడా రాస్తాను."

"మరి వాటిలో ఏది నిజం మేడమ్?"

"రెండూ ఫైల్లో ఉంటాయి," అంది ఆవిడ. నా అంచుల కాగితాలు తిరిగి ఇచ్చేసింది. "మార్కులకి రావన్నాను గానీ, ఇవి తోడు టీచర్‌కి ఇవ్వండి."

దారంతా అక్క గుండీని తీసుకుని నాకంటే ముందు నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, "చెప్పకపోతే ఏమయ్యేదే?" అంది. బడి పోయేది అన్నాను. "చెప్పావు కాబట్టి అది బల్ల కిందకి పోయింది," అంది. రెండూ నిజమే. నేను ఏ వైపు నిలబడాలో తెలియక గుమ్మంలోనే నిలబడ్డాను. "లోపలికి రా, టీ పెడతాను," అంది చివరికి.

సోమవారం బడి గేటు దగ్గర తోడు టీచరు మా కోసం ఎదురుచూస్తోంది. చిన్న వయసు, బహుశా ఆమెకి ఇదే మొదటి ఉద్యోగం. భుజాన సంచి రెండుసార్లు సర్దుకుంది. నేను శనివారమే పంపిన అంచుల కాగితాలు ఆమె చేతిలో మడతలు పడి ఉన్నాయి. గుండీ ముందు వంగి, కళ్ళలోకి కాకుండా దాని చెప్పుల వైపు చూస్తూ, "నీ పేరేంటి?" అంది.

గుండీ వీపు నిటారుగా చేసింది. పూర్తి పేరు చెప్పింది. ఆగలేదు. "ఏడేళ్ళు," అంది. అక్కడి నుంచి అడగకుండానే మూడోది, నాలుగోది, దాగుడుమూతలు. ఆపబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది.

ఏ ప్రశ్నకి ఈ జవాబులో ఆ టీచరుకి తెలియదు. అయినా తలూపుతూ వింటోంది. పక్కింటి కవలలు. పెద్దవాళ్ళకి చెప్తాను. మంచినీళ్ళు ఇస్తాను. సరిగ్గా అక్కడ గంట మోగింది. గుండీ రెండు చెవులూ మూసుకుంది. "తలుపులు మూసుకుంటున్నాయి."

టీచరు ఏదో అనబోయి, చేతిలోని కాగితం వైపు చూసి, నోరు మూసుకుంది. పిల్లలందరూ మా పక్క నుంచి లోపలికి తోసుకుంటూ పోయారు. వాచ్‌మన్ గేటు సగం వేసి, మా వంక చూసి, మళ్ళీ తీశాడు. ఆమె అలాగే నిలబడింది. ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు.

గుండీ చేతులు దించింది. "గొడుగు వేసుకుంటాను," అంది. అది పదిహేనోది. ఆగిన చోటి నుంచే.

నేను మార్కుల కోసం నూరిపోసిన జవాబులు అవి. ఒక్కటీ దానిది కాదు. మరి ఇప్పుడు దాని నోట్లోంచి వస్తుంటే ఎవరివి? సంతోషించాలో, సిగ్గుపడాలో నాకు తెలియలేదు. పదహారు, పదిహేడు, పద్దెనిమిది. అక్క పెదవులు కూడా కదులుతున్నాయని అప్పుడు చూశాను. అక్కకీ కంఠతా వచ్చేసినట్టుంది.

"ఏం లేదండీ, థాంక్యూ, వెళ్ళొస్తాను," అంది గుండీ. అని, టీచరు పక్కనే, ఒక మూరెడు దూరం ఉంచి, లోపలికి నడిచింది.